కర్త లేని వాక్యాలు

మెదడును గురించిన శాస్త్రం, ప్రజారోగ్యం, జాతీయ భద్రత. ఈ మూడింటినీ ఒకే అట్ట మధ్య కుట్టి విధాన నివేదికలు రాయడం గత ఇరవయ్యేళ్ళలో ఒక ప్రత్యేక రచనాశాఖగా స్థిరపడింది. వాటి గురించి సాహిత్య విమర్శ పత్రికలో రాయడమేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. నవలకో కవితాసంపుటికో దక్కవలసిన పుటలను సర్కారు కాగితాలకు ధారపోయడం దండగ అని కూడా అనవచ్చు. నా సమాధానం సూటిగానే చెబుతాను. అవి కూడా వచన రచనలే. వాటికీ వస్తువుంది, శిల్పముంది, రచయిత మనసులో ఒక పాఠకుడున్నాడు. పైగా ఏ నవలా చేయలేని పని అవి చేస్తాయి: చదివిన పాఠకుడు డబ్బు మంజూరు చేస్తాడు. ఇంత బలమున్న వచనాన్ని విమర్శకుడు పక్కన పెట్టి, బలహీనమైన కవితల్లోని ప్రతీకలను లెక్కబెడుతూ కూర్చోవడం నాకు సమ్మతం కాదు.

నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. కర్తరి వాక్యాన్ని కర్మణిలోకి మార్చడం ఏటా చెప్పే పాఠం. ‘రైతు పొలం దున్నాడు’ అన్నదాన్ని ‘రైతుచే పొలం దున్నబడింది’ అని మార్చమంటే పిల్లలు నవ్వుతారు. ఇలా ఎవరు మాట్లాడతారు సార్ అంటారు. నిజమే, తెలుగువాడి నోట ‘బడు’ సహజంగా పలకదు. అయితే ఆ పాఠంలో పాఠ్యపుస్తకం చెప్పని సంగతి ఒకటుంది. కర్మణి వాక్యంలో కర్తను తీసేసినా వాక్యం కూలిపోదు. ‘పొలం దున్నబడింది.’ వ్యాకరణ దోషం లేదు, రైతు మాత్రం లేడు. ‘పొలం ఆక్రమించబడింది’ అన్నప్పుడు ఆక్రమించిన పెద్దమనిషి కూడా అంతే సులువుగా తప్పుకుంటాడు. నేను చెబుతున్న రచనాశాఖ మొత్తం ఈ వెసులుబాటు మీద నడుస్తుంది. అందులో రోగి ఎప్పుడూ కర్మే. కర్త ఒక్కోసారి డాక్టరు, ఒక్కోసారి పోలీసు, ఒక్కోసారి సైన్యం. ఏ పూట ఎవరన్నది వాక్యం చెప్పదు.

ఈ శాఖకు ఆదికావ్యం లాంటి ఒక చిన్న కథ ఉంది. 1916లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో రాబర్ట్ హౌస్ అనే డాక్టరు ఒక ఇంట్లో పురుడు పోస్తున్నాడు. నొప్పులు తెలియకుండా ఆ తల్లికి స్కోపాలమిన్ అనే మందిచ్చాడు. బిడ్డను తూచడానికి త్రాసు కావలసి వచ్చింది. భర్తకు అది కనబడలేదు. మత్తులో ఉన్న ఆమె, వంటింట్లో పటం వెనక మేకుకు ఉందని చెప్పింది. చూస్తే అక్కడే ఉంది. డాక్టరుగారికి జ్ఞానోదయమైంది: ఈ మందు పడితే మనిషి నిజమే చెబుతుంది! 1922లో డాలస్ జైలులో ఇద్దరు ఖైదీల మీద దాన్ని ప్రయోగించాడు. ‘ట్రూత్ సీరం’ అనే మాట లోకంలోకి వచ్చింది.

విమర్శకుడిగా నాకు ఈ కథలో కనిపించేది ఒక్కటే. త్రాసు ఎక్కడుందో దాచవలసిన అవసరం ఆ తల్లికి లేదు. అబద్ధమాడే అవసరమే లేని మనిషి నిజం చెప్పడాన్ని, అబద్ధమాడలేకపోవడంగా చదివారు. పురిటి మంచం మీది ఆడమనిషి, జైలుగదిలోని ఖైదీ ఒక్క మందు సీసా పుణ్యమాని ఒకే పాత్ర అయిపోయారు. వైద్యుడి చేతిలోని సూది పోలీసు చేతిలోకి మారిన క్షణం అది. మారిందని ఆ కథ ఎక్కడా చెప్పదు, అదే దాని శిల్పం. ఇంతకూ అది సీరం కాదు, నిజమూ కాదు. మత్తులో మనిషి అవతలివాడు వినాలనుకున్నది చెబుతాడు, ఊహించుకున్నది చెబుతాడు, ఎక్కడో విన్నది తనకు జరిగినట్టు చెబుతాడు. అనుమానమున్న వాళ్ళందరి చేతా బియ్యం నమిలించి ఎవరి నోరెండితే వాడే దొంగ అనడం, అంజనం వేసి చోరసొత్తు జాడ చెప్పడం మన పల్లెలకు తెలియనివి కావు. వాటిని మూఢనమ్మకాలని క్లాసులో చెప్పేవాళ్ళమే, తెల్లకోటు వేసుకున్న అంజనాన్ని శాస్త్రమని పరీక్షల్లో రాయిస్తున్నాం.

1953 ఏప్రిల్ 13న అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. అధిపతి అలెన్ డల్లెస్ ఎం.కె.అల్ట్రా అనే పథకానికి ఆమోదం తెలిపాడు. మనిషి మనసును అదుపు చేసే మందులు, పద్ధతులు కనిపెట్టడం దాని లక్ష్యం. సిడ్నీ గాట్లీబ్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని నడిపాడు. అందులో 149 ఉపపథకాలు. ఆ ఏడాది నవంబరులోనే ఫ్రాంక్ ఓల్సన్ అనే సైనిక శాస్త్రజ్ఞుడికి తెలియకుండా ఎల్.ఎస్.డి. కలిపిచ్చారు. తొమ్మిది రోజుల తర్వాత న్యూయార్కు హోటలు కిటికీలోంచి కిందపడి చనిపోయాడు. మందు సంగతి ఇంటివాళ్ళకు తెలిసింది 1975లో! 1973లో సి.ఐ.ఎ. అధిపతి రిచర్డ్ హెల్మ్స్ ఈ పథకం ఫైళ్ళను నాశనం చేయించాడు. కాని అన్నీ పోలేదు. వేరేచోట ఆర్థిక లావాదేవీల కాగితాల్లో కొన్ని వేల పుటలు మిగిలిపోయాయి, 1977లో బయటపడ్డాయి.

ఇక్కడ కాస్త ఆగాలి. శాస్త్రం తగలబడిపోయి పద్దుపుస్తకం మిగిలింది. ఏం ప్రయోగించారో చెప్పే కాగితం లేదు, ఎవరికి ఎన్ని డాలర్లు ఇచ్చారో చెప్పే కాగితం ఉంది. ‘చెల్లించడమైనది’ అన్న వాక్యానికి ఎదురుగా పుచ్చుకున్నవాడి పేరుంటుంది గదా. కర్త దొరికింది అలాగే. 1977 ఆగస్టులో అమెరికా సెనేట్ ముందు చెప్పిన లెక్క ప్రకారం ఈ పథకంతో సంబంధమున్న సంస్థలు 80. వాటిలో 44 కాలేజీలు, విశ్వవిద్యాలయాలు, 12 ఆసుపత్రులు, 3 జైళ్ళు. జైళ్ళ కంటే ఆసుపత్రులు నాలుగు రెట్లు, ఆసుపత్రుల కంటే చదువులమ్మ గుళ్ళు దాదాపు నాలుగు రెట్లు. మేధావివర్గం తటస్థమైనదని నమ్మే మిత్రులు ఈ అంకెల్ని ఒకసారి తీరిగ్గా చూడాలి.

ఆ ఆసుపత్రుల్లో ఒకటి కెనడా దేశంలో మాంట్రియల్ నగరంలోని అలన్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్. మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందినది. దాని అధిపతి ఈవెన్ కామెరాన్ మామూలు డాక్టరు కాడు. అమెరికా మానసిక వైద్యుల సంఘానికి అధ్యక్షుడుగా చేశాడు. ప్రపంచ మానసిక వైద్యుల సంఘానికి తొలి అధ్యక్షుడయ్యాడు. నాజీ నాయకుడు రుడాల్ఫ్ హెస్ మానసిక స్థితిని పరీక్షించడానికి 1945లో నూరెంబర్గ్‌కు వెళ్ళిన వైద్యుల్లో ఒకడు. నాజీ వైద్యుల నేరాల మీద 1947లో అదే నూరెంబర్గ్‌లో చెప్పిన తీర్పు పది సూత్రాలు నిర్దేశించింది. ప్రయోగానికి లోనయ్యే మనిషి స్వచ్ఛందమైన సమ్మతి తప్పనిసరి అన్నది వాటిలో మొదటిది.

కామెరాన్ తన పద్ధతిని దాచుకోలేదు. 1956లో అమెరికా మానసిక వైద్యపత్రికలో బాహాటంగా వ్యాసం అచ్చువేశాడు. పేరు ‘సైకిక్ డ్రైవింగ్’. డ్రైవింగ్ అంటే మన భాషలో తోలడం. బండి తోలతాం, గొడ్లను తోలతాం. ఆయన మనసును తోలాడు. రోగి చెవిలో ఒకే వాక్యాన్ని టేపు మీద రోజుకు పదహారేసి గంటలు మళ్ళీ మళ్ళీ వినిపించడం. అందుకు ముందు నేల దున్ని చదును చేయాలి గదా, దానికి మరొక పేరు: ‘డీపాటర్నింగ్’. అంటే మనిషిలోని అల్లికను విప్పేయడం. మందులిచ్చి వారాల తరబడి నిద్రపుచ్చడం, మామూలుగా ఇచ్చేదానికన్నా ఎన్నోరెట్లు విద్యుత్ షాకులివ్వడం. అల్లిక విప్పితే మిగిలేది నూలు. వాళ్ళకు మిగిలింది ఆ మాత్రం కూడా కాదు. కన్నబిడ్డలెవరో తెలియనివారయ్యారు, మలమూత్రాల మీద అదుపు పోయినవారయ్యారు.

వాళ్ళు గూఢచారులు కారు, ఖైదీలు కారు. దిగులుగా ఉందనో, భయంగా ఉందనో, కాన్పు తర్వాత మనసు కుదురుగా లేదనో తమంతట తాము ఆసుపత్రి మెట్లెక్కినవారు. 1957 నుంచి 1960 దాకా సి.ఐ.ఎ. సుమారు 60,000 డాలర్లు ‘మానవ పర్యావరణ పరిశోధనా సంఘం’ అనే సొంపైన ముసుగు పేరుతో పంపింది. కెనడా ఆరోగ్యశాఖ డబ్బు కూడా ఆ పరిశోధనలకు అందింది. ఆ సంఘం వెనక ఎవరున్నారో కామెరాన్‌కు తెలుసా తెలియదా అన్న చర్చ ఇప్పటికీ సాగుతూనే ఉంది. నాకా చర్చ మీద ఆసక్తి లేదు. తెలియకపోతే మరీ ఘోరం. గూఢచారి సంస్థకు కావలసింది, ఒక ప్రసిద్ధ వైద్యుడు చికిత్స అనే నమ్మకంతోనే చేసి పెట్టాడన్నమాట. రెండు పనుల మధ్య గీత లేనప్పుడు ఎవరు ఎవరి పని చేస్తున్నారో చేసేవాడికే తెలియదు.

కెనడా పార్లమెంటు సభ్యుడు డేవిడ్ ఓర్లికో భార్య వెల్మా ఆ రోగుల్లో ఒకరు. తన మీద జరిగిందేమిటో ఆమెకు అర్థమయింది 1977లో పత్రికల్లో వార్త వచ్చాకే. ఆమె, మరి కొందరు కలిసి, మొత్తం తొమ్మిదిమంది, 1980లో మొదలైన దావాలో సి.ఐ.ఎ.ను కోర్టుకీడ్చారు. 1988లో ఆ తొమ్మిదిమందికీ కలిపి ఏడున్నర లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. 1992లో కెనడా ప్రభుత్వం మరో పథకం ప్రకటించింది. తలా లక్ష డాలర్లు. అది దక్కింది 77 మందికి. ఆ పథకం పేరులోనే ఆ మాట ఉంది: ‘డీపాటర్నింగ్’కు లోనైన వ్యక్తుల సహాయ పథకం. అల్లిక పూర్తిగా విడిపోయిందని రుజువైతేనే సొమ్ము. సగం విడిపోయినవారి దరఖాస్తులు వెనక్కి వచ్చాయి. కామెరాన్ 1967లోనే చనిపోయాడు గాని, ఆయన మాట బతికే ఉంది. ఏ పదంతో మనుషుల్ని ధ్వంసం చేశాడో పాతికేళ్ళ తర్వాత అదే పదం ఆ ధ్వంసానికి వెలకట్టే కొలబద్ద అయింది! పరిభాష అమాయకమైనదని ఎవరైనా అంటే నేను ఈ ఉదాహరణే చూపిస్తాను.

ఇదంతా సామ్రాజ్యవాదుల నిర్వాకమని ముగిస్తే మన శిబిరంలో చాలామందికి సుఖంగా ఉంటుంది. అలా ముగించడం విమర్శ కాదు. సోవియట్ యూనియన్‌లో స్నెజ్నెవ్‌స్కీ అనే మానసిక వైద్యుడి పాఠశాల ఒక జబ్బును కనిపెట్టింది. నత్తనడక స్కిజోఫ్రీనియా అనవచ్చు దాన్ని. బయటికి లక్షణాలేవీ కనబడనక్కర లేదు. లోకాన్ని బాగుచేయాలన్న పట్టుదలే ఒక లక్షణం. దానికి వాళ్ళు పెట్టిన పేరు ‘సంస్కరణ భ్రమ’. ఈ లెక్కన కందుకూరి వీరేశలింగం పంతులుగారిని రాజమహేంద్రవరంలో ఉండనిచ్చేవారు కారు. గురజాడనైతే రెండేసి లక్షణాలు రాసి మరీ లోపల వేసేవారు. 1970 మే నెలలో జోర్స్ మెద్వెదెవ్ అనే జీవశాస్త్రజ్ఞుణ్ణి ఇంట్లోంచి పట్టుకుపోయి కలుగా పట్టణం పిచ్చాసుపత్రిలో పెట్టారు. జీవశాస్త్రమూ రాజకీయమూ రెండూ రాయడం ఆయన వ్యక్తిత్వం చీలిపోయిందనడానికి నిదర్శనంగా చూపబోయారు. పందొమ్మిది రోజుల్లో ఆయన బయటికి వచ్చాడంటే కారణం శాస్త్రవేత్తలు, రచయితలు నోరు విప్పడం. ‘నోవీ మీర్’ పత్రికకు సంపాదకుడుగా ఉండిన కవి త్వర్దోవ్‌స్కీ స్వయంగా ఆ ఆసుపత్రికి వెళ్ళాడు. కవులు ఆసుపత్రి గడప తొక్కవలసిన సందర్భాలుంటాయి. ప్రపంచ మానసిక వైద్యుల సంఘంలో విమర్శలు ముదిరి, బహిష్కరణ తప్పదని తేలాక 1983లో సోవియట్ వైద్యసంఘం తానే వైదొలగింది.

వాషింగ్టన్ భాషకూ మాస్కో భాషకూ భావజాలంలో నూరామడల దూరముండవచ్చు. వాక్యనిర్మాణంలో లేదు. ‘రోగి అదుపులోకి తీసుకోబడెను’ అన్నది రెండు చోట్లా ఒకటే.

మరి ఇదే సామగ్రితో వేరే వచనం సాధ్యమా? సాధ్యమే. అది రాసినవాడు రచయితల సంఘాలకు కొత్తవాడు కాదు, ఫ్రాంజ్ ఫానన్. అయితే మనవాళ్ళు ఆయన్ని హింసావాదం మీద వాదోపవాదాలకే ఎక్కువగా వాడుకున్నారు. 1961లో వచ్చిన ఆయన ప్రసిద్ధ గ్రంథంలో మొదటి అధ్యాయమే అందరి నోటా నానుతుంది, వలస యుద్ధాన్నీ మనోవ్యాధులనూ గురించిన చివరి అధ్యాయం దాకా వెళ్ళేవారు తక్కువ. నా దృష్టిలో ఆ పుస్తకంలోని గొప్ప వచనం అక్కడే ఉంది. ఫానన్ 1953 నుంచి అల్జీరియాలోని బ్లిడా ఆసుపత్రిలో మానసిక వైద్యుడు. 1956లో రాజీనామా చేశాడు. చిత్రహింసలు పడినవారూ పెట్టినవారూ ఆయన దగ్గరికే వచ్చేవారు.

ఆ అధ్యాయంలో ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు వస్తాడు. రోజంతా ఖైదీలను హింసించి ఇంటికెళ్ళి భార్యనూ పిల్లల్నీ కొడుతున్నాడు. ఆయనకు కావలసిన వైద్యం ఏమిటంటే, ఖైదీలను నిశ్చింతగా హింసించగలగాలి, ఇంట్లో మాత్రం మంచిగా ఉండాలి. ఈ కోరిక మీద ఫానన్ పెద్దగా వ్యాఖ్యానించడు. రోగి వివరాలు రాసే కాగితంలో రాసినట్టు రాసి ఊరుకుంటాడు. చదివినవాడికి ఒళ్ళు జలదరిస్తుంది. మరొక చోట, వైద్యం కోసం వచ్చిన పోలీసు ఆసుపత్రి ఆవరణలో తాను హింసించిన మనిషినే ఎదురుగా చూసి కుప్పకూలతాడు. ఆ రెండోవాడు తనను మళ్ళీ పట్టుకుపోవడానికి వచ్చారనుకుని మరుగుదొడ్డిలో ఉరిపోసుకోబోతాడు. ఒకే ఆసుపత్రి, ఇద్దరు రోగులు, ఇద్దరికీ ఒకే డాక్టరు. ఏ నాటకకర్త కల్పించగలడు దీన్ని?

మనకు సూటిగా పనికొచ్చేది పెంటథాల్ సూది ప్రకరణం. ‘నిజం చెప్పించే’ మందెక్కించిన తర్వాత విడుదలైన వాళ్ళను ఆయన పరీక్షించాడు. వాళ్ళ బాధేమిటి? నేనేమీ చెప్పలేదు, నమ్మండి అని ఎడతెగకుండా అనడం. తాను మిత్రుల పేర్లు చెప్పేశాడో లేదో తనకే తెలియదు. ఏది అన్నాడో ఏది అనుకున్నాడో తేడా చెదిరిపోయింది. ఎవరితోనైనా ఒంటరిగా మాట్లాడాలంటే దడ. ఇక్కడ ఫానన్ శిల్పం చూడండి. మందు పేరు చెబుతాడు, ఎక్కించినవాళ్ళు ఎవరో చెబుతాడు, వాళ్ళలో డాక్టర్లు ఉన్నారని చెబుతాడు, ఆ మనిషి ఇప్పుడెలా ఉన్నాడో చెబుతాడు. కర్త, కర్మ, క్రియ ముగ్గురూ వాక్యంలోకి తిరిగి వచ్చి కూర్చుంటారు. విశేషణాల కోసం వెతుక్కునే మన యువ కథకులు ఈ పొడి వచనం దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది.

ఇప్పటి నివేదికల దగ్గరికి వద్దాం. 2008లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి మెదడుశాస్త్రంలో వస్తున్న మార్పుల మీద ఒక పెద్ద నివేదిక వెలువరించింది, రాయించింది సైన్యపు గూఢచారి విభాగం. 2012లో బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ మెదడుశాస్త్రం, సంఘర్షణ, భద్రత అనే అంశాల మీద మరొకటి ప్రకటించింది. రెండూ మర్యాదస్తుల రచనలు. రాయల్ సొసైటీవాళ్ళు నీతి గురించి, అంతర్జాతీయ ఒప్పందాల గురించి శ్రద్ధగానే రాశారు, వాళ్ళనూ కామెరాన్‌నూ ఒకే గాటను కట్టడం అన్యాయం. కాని పరిభాష చూడండి: మన సైనికుడి విషయంలో ‘సామర్థ్యాన్ని పెంచడం’, ఎదుటివాడి విషయంలో ‘సామర్థ్యాన్ని తగ్గించడం’. తగ్గించడమంటే ఏమిటి? ఒకడి మెదడు పనిచేయకుండా చేయడం. తూకం తగ్గింది, ధర తగ్గింది అన్నట్టు మెదడూ తగ్గుతుంది ఈ భాషలో.

2013 ఏప్రిల్‌లో అధ్యక్షుడు ఒబామా మెదడు పరిశోధనకు ఒక మహాపథకం ప్రకటించాడు. మొదటి సంవత్సరానికి అనుకున్న సొమ్ములో జాతీయ ఆరోగ్య సంస్థలకు సుమారు 4 కోట్ల డాలర్లు, సైన్యపు పరిశోధనా సంస్థ డార్పాకు 5 కోట్లు. ఉపన్యాసంలో మాత్రం మతిమరుపు వ్యాధి, మూర్ఛ లాంటి జబ్బులే ఎక్కువగా కనిపించాయి.

అలాగని డార్పా సొమ్ముతో జరిగిందంతా దుర్మార్గమంటే నేను ఒప్పుకోను. మెడ కింది భాగమంతా చచ్చుబడిన ఒక అమెరికన్ స్త్రీ మెదడులో తీగెలమర్చి, 2012లో ఆమె తలపుతోనే యంత్రపు చేతిని కదిలించి తన నోటికి తాను చాక్లెట్ అందుకునేలా చేశారు పిట్స్‌బర్గ్ శాస్త్రజ్ఞులు. ఏళ్ళ తరబడి ఇతరులు తినిపిస్తే తిన్న మనిషికి ఆ ఒక్క ముక్క ఎంతటిదో చెప్పనక్కర లేదు. దాన్ని చూసి సామ్రాజ్యవాద కుట్ర అని గొణిగేవాడు మనిషి కాడు. అయితే కథ అక్కడ ఆగలేదు. 2015లో డార్పా అధిపతి ఆరతీ ప్రభాకర్ ఒక సభలో వెల్లడించింది, అదే తీగెల ద్వారా ఆమె చేత ఎఫ్-35 యుద్ధవిమానం నమూనాను నడిపించి చూశారట. చాక్లెట్ నోటికందించిన తీగే బాంబరు విమానాన్నీ నడుపుతుంది. ఆ స్త్రీ ఆనందంగానే నడిపింది, ఎవరూ బలవంతపెట్టలేదు. నివేదికలు దీన్ని ‘ద్వంద్వ ప్రయోజనం’ అంటాయి. ఒకే కత్తి కూరా కోస్తుంది, గొంతూ కోస్తుంది అని మన ముసలమ్మలు అనగలరు. కాని కత్తి కొన్నది వంటింటికా, కసాయి కొట్టుకా అన్నది కొన్నప్పుడే తెలుస్తుంది. ‘ద్వంద్వ’ అనగానే కొన్నవాడు మాయమైపోతాడు.

మన దేశంలో ఈ సాహిత్యం ఆసుపత్రిలోంచి కాక పోలీసు స్టేషనులోంచి వచ్చింది. 2000 తర్వాత పదేళ్ళు పత్రికలు నార్కో పరీక్షల వార్తలతో మోతెత్తిపోయాయి. సూది గుచ్చుకున్న మనిషి తూలుతూ మాట్లాడుతుంటే తీసిన దృశ్యాలు టీవీల్లో వచ్చాయి. 2008లో పుణే సెషన్స్ కోర్టు ఒక హత్యకేసులో ఒక యువతికి యావజ్జీవ శిక్ష వేస్తూ, ఆమె మెదడు విద్యుత్తు తరంగాల పరీక్షను సాక్ష్యాల్లో ఒకటిగా తీసుకుంది. అంటే ఆమె నోరు విప్పనక్కర లేదు, మెదడే ఆమె మీద సాక్ష్యం చెప్పింది. అదే సంవత్సరం బెంగుళూరు నిమ్‌హాన్స్ సంచాలకుని ఆధ్వర్యంలోని నిపుణుల సంఘం ఆ పరీక్షకు శాస్త్రీయత లేదని తేల్చింది. తర్వాత బొంబాయి హైకోర్టు ఆమెకు బెయిలిచ్చింది.

2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మనిషి సమ్మతి లేకుండా నార్కో, పాలీగ్రాఫు, మెదడు పరీక్షలు చేయరాదని, అది రాజ్యాంగం 20(3), 21 అధికరణాలకు విరుద్ధమని. ఆ తీర్పును ఎం.ఏ. విద్యార్థులకు వచనపాఠంగా పెట్టాలని నా అభిప్రాయం. ఎందుకంటే అందులో త్రాసు కథలోని హౌస్ దొరగారు మొదలు అందరూ పేరుపేరునా కనిపిస్తారు. మౌనంగా ఉండడం కూడా మాట్లాడే హక్కులో భాగమే అన్న ఎరుక కనిపిస్తుంది. కాని తీర్పులో ఒక తలుపు ఓరగా మిగిలింది: సమ్మతిస్తే చేయవచ్చు. లాకప్పులో ఉన్నవాడి సమ్మతి! ఆ మాటను నేను ఏ నిఘంటువులో వెతకాలి? 2025 జూన్‌లో ఒక బీహారు కేసులో, నిందితులందరికీ నార్కో చేయిస్తామన్న పోలీసుల మాటను ఆమోదించిన పట్నా హైకోర్టు ఉత్తర్వును కొట్టివేస్తూ సుప్రీంకోర్టు సెల్వి తీర్పును మళ్ళీ గుర్తు చేయవలసి వచ్చింది. ఇంకొక ప్రశ్న ఉంది, మన కథకులెవరూ ముట్టుకోనిది: ఆ సూది వేసే మత్తు డాక్టరు ఆ క్షణంలో ఎవరి డాక్టరు? బల్ల మీద పడుకున్నవాడికి నాడి ఆగకుండా చూసేదీ ఆయనే, వాడు మాట్లాడేంత మత్తు మాత్రమే ఎక్కేలా కొలిచేదీ ఆయనే. ఒక మంచి నవలకు చాలినంత మనిషి. ఎవరు రాస్తారు?

మనవాళ్ళు రాసింది వేరు. డిటెక్టివ్ నవలల్లో ‘ట్రూత్ సీరం’ ఆఖరి అధ్యాయపు బ్రహ్మాస్త్రం. సినిమాల్లో పిచ్చాసుపత్రి ఒక హాస్య సన్నివేశం. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ఊరి పేర్లు కావడం మానేసి తిట్లయిపోయాయి. వైద్యం చేసే చోటి పేరును తిట్టుగా మార్చుకున్న భాష మనది, ఇందులో ఏ సి.ఐ.ఎ. ప్రమేయమూ లేదు. ‘అసమర్థుని జీవయాత్ర’ నుంచి ‘అంపశయ్య’ దాకా మనసు లోపలికి దిగిన గొప్ప నవలలు మనకున్నాయి. అయితే మనసుకీ రాజ్యానికీ మధ్య జరిగేదాన్ని పట్టుకున్నవాడు నాకు తెలిసి రావిశాస్త్రి ఒక్కడే. ఆయన వకీలు గనక పేదవాడి నోటితో ‘నిజం’ ఎలా తయారు చేయిస్తారో కోర్టుబల్ల ఇవతలి నుంచి చూశాడు. ‘ఆరు సారా కథలు’ చదివిన వాడెవడూ పోలీసులకు నిజం చెప్పించే మందు అవసరమని నమ్మడు. పోలీసుల ఎదుట ఒప్పుకోలు చెల్లదని 1872 నాటి సాక్ష్యచట్టం అన్నది. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టమూ ఆ నియమాన్ని నిలుపుకుంది. తెల్లదొరలకే నమ్మకం కుదరని ఒప్పుకోలును సూదిద్వారా తెచ్చుకుందామని మన నవలాకారుల ఉబలాటం.

భద్రత సంగతి ఇంత. మరి ఆరోగ్యమో? 2015-16లో నిమ్‌హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, మానసిక రుగ్మతలున్నవారిలో చికిత్స అందనివారు రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని తేల్చింది. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. మన రెండు రాష్ట్రాల దిగులును అంకెలు కూడా పట్టించుకోలేదన్నమాట. 2018 మే నుంచి అమలవుతున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మాత్రం ఒక మంచి మాట రాసింది. రోగికి తన జబ్బు గురించి, చేయబోయే చికిత్స గురించి, దాని దుష్ఫలితాల గురించి తనకు అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే రూపంలో చెప్పాలి.

ఇది తెలుగు రచయితల పని అని నేనంటాను. మన ఆసుపత్రుల్లో సంతకానికో వేలిముద్రకో ముందు పెట్టే సమ్మతి పత్రాల తెలుగు ఎలా ఉంటుందో చూసినవారికి తెలుసు: ‘నాకు అన్ని విషయములు వివరించబడినవి. నేను పూర్తిగా అర్థము చేసుకొంటిని.’ మొదటి వాక్యం కర్మణి, అందులో డాక్టరు లేడు. రెండో వాక్యం మాత్రం కర్తరి, అందులో ‘నేను’ ఉంది, బాధ్యతంతా ఆ నేను మీదే ఉంది. మన సంఘం శాఖలు వర్ధంతులకూ జయంతులకూ పెట్టే శ్రద్ధలో పదో వంతు పెట్టి, జిల్లాకొక ఆసుపత్రి నుంచి ఈ పత్రాలను సేకరించవచ్చు. వివరించిన డాక్టరు పేరు, చెప్పిన తేదీ, చెప్పిన మాటలు ఉండేటట్టు, రోగి ‘వద్దు’ అనడానికి కూడా ఒక గడి ఉండేటట్టు వాటిని తిరగరాసి, జిల్లా వైద్యాధికారి బల్ల మీద పెట్టవచ్చు. నమూనా పత్రం ఒకటి నా విద్యార్థులతో కలిసి తయారు చేస్తున్నాను. ‘మత్తు’ అన్న మాట దగ్గర ఆగిపోయాం. అనెస్థీషియాకూ అదే మాట, సారాకూ అదే మాట. వేరే మాట తెలిసినవారు రాయండి.